చండశాసనం, కఠిన నిబంధన, నల్లచట్టం: ఏ మాట ఎక్కడ వాడాలి? సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మహారాష్ట్రలోని సిరొంచ, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. మూడు భాషలూ సంస్కృతం నుంచి మాటలు తెచ్చుకున్నవే కాబట్టి చాలా మాటలు చూడటానికి ఒకేలా ఉంటాయి, అర్థం మాత్రం ఏరు దాటితే మారిపోతుంది. చట్టాలు, నియమాలు, శిక్షల గురించి రాసేటప్పుడు ఈ చిక్కు మరీ ఎక్కువ. నోటీసులు, అర్జీలు, వార్తలు, బడి వ్యాసాలు రాసేవారికి ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇవి.

చండశాసనం అంటే అచ్చంగా ఏమిటి?

చండం అంటే ఉగ్రమైనది, భయం పుట్టించేది. ప్రచండం, చండమార్తాండుడు అన్న మాటల్లో ఉన్నది ఆ చండమే. శాసనం అంటే ఆజ్ఞ, చట్టం. రెండూ కలిస్తే ఎదురు చెప్పడానికి వీల్లేని భయంకరమైన ఆజ్ఞ. నియమం గట్టిగా ఉన్నంత మాత్రాన చండశాసనం కాదు. తప్పు గోరంత, శిక్ష కొండంత అయి, మొర పెట్టుకునే చోటు కూడా లేనప్పుడు ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

ఒక నియమాన్ని చండశాసనం అనవచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి?

మూడు విషయాలు చూడండి. నియమం పెట్టినవారికి, పడేవారికి మధ్య బలంలో పెద్ద తేడా ఉందా? తప్పుకు తగిన శిక్షేనా, లేక పిచ్చుకపై బ్రహ్మాస్త్రమా? నా మాట వినండి అని చెప్పుకునే దారి ఉందా?

1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని తీసుకోండి. ఏ నేరం చేశాడని కాదు, ఏ తెగలో పుట్టాడని చూసి మనిషి పేరు పోలీసు రిజిస్టరులో ఎక్కించేవారు. ఊరు దాటాలన్నా చెప్పాలి, హాజరు ఇవ్వాలి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గాని అది దేశమంతటా రద్దు కాలేదు. మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది కాబట్టి "పుట్టుకనే నేరంగా లెక్కగట్టిన ఆ చండశాసనం ఎనభై ఏళ్ళు నడిచింది" అని రాస్తే మాట వృథా పోదు.

బ్రిటిషువారి ఉప్పు చట్టం సంగతీ అంతే. గంజాం తీరంలో కళ్ళెదుట సముద్రం, కాళ్ళకింద ఉప్పు పేరుకున్న నేల. అయినా అనుమతి లేకుండా గుప్పెడు ఉప్పు తీస్తే నేరం. "కడలి ఒడ్డున ఉన్నవాడిని ఉప్పు కొనుక్కు తినమన్న చండశాసనం" అంటే చదివేవారికి వెంటనే తగులుతుంది.

హెల్మెట్ లేకపోతే జరిమానా వేయడం చండశాసనం కాదు. పరీక్ష హాల్లోకి ఫోన్ తేవద్దనడమూ కాదు. అవి కఠిన నిబంధనలు. చిన్నదానికల్లా ఈ మాట వాడేస్తే, నిజంగా అవసరం పడిన రోజున దానికి పదును ఉండదు.

"చండశాసనుడు" తిట్టా, మెచ్చుకోలా?

రెండూ అవుతుంది. చట్టాన్ని చండశాసనం అంటే నింద. మనిషిని చండశాసనుడు అన్నప్పుడు మాత్రం భయంతోపాటు గౌరవం కూడా వినిపించవచ్చు. "మా హెడ్మాస్టరుగారు చండశాసనుడు, ఆయన వరండాలోకి వస్తే బడి బడంతా గప్‌చుప్" అన్న వాక్యంలో కోపం లేదు. "ఆ దివాను చండశాసనుడు, పంట పోయినా శిస్తు వదల్లేదు" అంటే నిందే. తేడా చెప్పేది పక్క వాక్యం, కాబట్టి మాటను ఒంటరిగా వదలకండి. స్త్రీల విషయంలో చండశాసనురాలు అని రాయండి.

వ్యాకరణం అడిగేవారికి: చండమైన శాసనం అని విడదీస్తే చండశాసనం విశేషణ పూర్వపద కర్మధారయం. చండమైన శాసనం కలవాడు అంటే చండశాసనుడు, అది బహువ్రీహి. పాకశాసనుడు ఈ కోవలోది కాదు. అది ఇంద్రుడి పేరు, పాకుడనే రాక్షసుణ్ణి శిక్షించినవాడని అర్థం. దానికి వంటతో సంబంధం లేదు.

"చండశాసన నియమం", "చండశాసనమైన రూలు" అనవచ్చా?

అనకండి. శాసనమే నియమం. దాని పక్కన మళ్ళీ నియమం పెడితే "గేటు తలుపు" అన్నట్టు ఉంటుంది. "ఆ నియమం చండశాసనమే", "చండశాసనం లాంటి నియమం" అంటే సాఫీగా ఉంటుంది. క్రియల్లో విధించు, అమలుచేయు, జారీచేయు, రద్దుచేయు దీనికి కుదురుతాయి. "రూలు పెట్టారు" వాడుకలో ఉంది, "చండశాసనం పెట్టారు" మాత్రం చెవికి ఎక్కదు.

"కఠిన నియమాలు" అని రాస్తే మా ఊళ్ళో "కష్టమైన నియమాలు" అనుకుంటున్నారు. ఎందుకు?

సరిహద్దులో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే, కాస్త వివరంగా చూడాలి. ఒడియాలో కఠిన అంటే ముందుగా తట్టే అర్థం కష్టమైనది. మరాఠీలో కఠీణ్ కూడా అంతే. గట్టి నియమానికి ఒడియావారు కడా అనో కఠోర అనో అంటారు, మరాఠీవారు కడక్ అనో కఠోర్ అనో అంటారు. తెలుగులో కఠినానికి రెండు అర్థాలూ ఉన్నాయి. "కఠిన పదాలకు అర్థాలు" అన్నచోట కష్టమైనవి, "కఠిన చర్యలు" అన్నచోట సడలింపు లేనివి. ఏ అర్థమో పక్కనున్న మాటే తేలుస్తుంది.

"ఈ పథకం నియమాలు కఠినంగా ఉన్నాయి" అన్న వాక్యాన్నే చూడండి. నియమాలు అర్థం కావడం కష్టమా? పాటించడం కష్టమా? తప్పితే ఊరుకోరనా? మూడు రకాలుగానూ చదవవచ్చు. అందుకే విడగొట్టండి:

అర్థం కావడం కష్టమైతే "నియమాలు చిక్కుగా ఉన్నాయి".
పాటించడం కష్టమైతే "నియమాలు పాటించడం మా వల్ల కావడం లేదు".
సడలింపు లేకపోతే "నియమాలను కఠినంగా అమలు చేస్తున్నారు".

మూడోదానిలో కఠినం క్రియకు విశేషణంగా మారింది చూశారా? అమలు పక్కన చేరగానే కష్టమన్న అర్థం తొలగిపోయింది. కఠిన చర్యలు, కఠిన ఆంక్షలు, కఠిన వైఖరి అన్న జంటల్లో కూడా సందేహానికి చోటు లేదు.

కోర్టు వార్తల్లో వచ్చే కఠిన కారాగార శిక్ష వేరే సంగతి. అది పారిభాషిక పదం. శ్రమ చేయించే జైలుశిక్ష అని అర్థం, శ్రమ లేనిది సాధారణ కారాగార శిక్ష. ఒడియాలో సశ్రమ కారాదండ అన్నా, మరాఠీలో సక్తమజురీ అన్నా తెలుగులో రాయాల్సింది ఇదే. రాసేవారికి తీర్పు అన్యాయం అనిపించినంత మాత్రాన సాధారణ శిక్షను "కఠిన" అనకూడదు. వార్త తప్పవుతుంది.

కఠోర, కర్కశ, నిరంకుశ, క్రూర: ఇవన్నీ ఒకటేనా?

కావు. తెలుగులో కఠోర ఎక్కువగా మనిషి తనకు తాను పెట్టుకున్నదానికి వస్తుంది: కఠోర శ్రమ, కఠోర దీక్ష, కఠోర తపస్సు. కఠోర సత్యం కూడా ఉంది. పైవాడు రుద్దినదానికి కఠినమే మంచిది. ఒడియా, మరాఠీ కాగితాలు అనువదించేవారు అక్కడున్న కఠోరను ఉన్నపళాన తెలుగులోకి దించడం వల్ల "కఠోర నియమాలు విధించారు" వంటి వాక్యాలు పుడుతున్నాయి. చదివితే నియమం పెట్టినవారే ఉపవాసం ఉన్నట్టు అనిపిస్తుంది.

కర్కశం గొంతుకు, మనసుకు, ప్రవర్తనకు దగ్గరి మాట. "చట్టాన్ని కర్కశంగా అమలుచేశారు" అంటే బాగుంటుంది, ఎందుకంటే కర్కశులు అమలుచేసినవారు.

నిరంకుశం అంటే అంకుశం లేనిది. మావటి చేతిలో అంకుశం లేకపోతే ఏనుగు ఇష్టారాజ్యం. కాబట్టి ఈ మాట అడ్డూఅదుపూ లేని అధికారానికి చెల్లుతుంది, నియమం గట్టిదనానికి కాదు. ఒక చట్టం అధికారి చేతికి పగ్గంలేని అధికారం ఇస్తే దాన్ని నిరంకుశ చట్టం అనవచ్చు, అందులో శిక్ష చిన్నదైనా సరే.

క్రూరం బాధపెట్టే ఉద్దేశాన్ని చెబుతుంది. ఆ ఉద్దేశం చూపించగలిగితేనే వాడండి.

కట్టుదిట్టం మంచి మాట, నింద కాదు. "కట్టుదిట్టమైన నియమాలు" అంటే లొసుగుల్లేని నియమాలు.

"శాసనం" రాస్తే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటున్నారు. ఏం చేయాలి?

తెలుగులో శాసనం అంటే చట్టం, ఆజ్ఞ, లేదా రాతి మీద, రాగిరేకు మీద చెక్కించిన రాత. గంజాం, పూరీ వైపు ఒడియాలో శాసన అంటే పరిపాలన, పైగా రాజులు బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు కూడా. మన అగ్రహారం వంటిది. అక్కడ "మాది శాసనం" అన్నవాడు ఊరి సంగతి చెబుతున్నాడు, చట్టం సంగతి కాదు.

మరాఠీలో శాసన్ అంటే ప్రభుత్వం. ప్రతి సర్కారు బోర్డు మీదా మహారాష్ట్ర శాసన్ అని ఉంటుంది. సిరొంచలో గాని ధర్మాబాద్‌లో గాని ఎవరైనా "శాసనం మాకు సాయం చేయాలి" అని తెలుగులో రాస్తే నది ఇవతలివారికి అర్థం కాదు. "ప్రభుత్వం మాకు సాయం చేయాలి" అనాలి. శాసన్ నిర్ణయ్ అన్నది తెలుగులో ప్రభుత్వ ఉత్తర్వు, వాడుకలో జీవో. దాన్ని "శాసన నిర్ణయం" అని దించితే శాసనసభ తీర్మానమేమో అనుకుంటారు.

చండశాసనంలోని శాసనం ఈ రెండూ కాదు, ఆజ్ఞ. మరాఠీ మాట చెవిలో పెట్టుకుని "చండశాసనం పడిపోయింది" అని ప్రభుత్వం గురించి రాయకండి. ప్రభుత్వమైతే నిరంకుశ పాలన.

శిక్ష, దండం విషయంలో జాగ్రత్తలు?

ఒడియాలో శిక్షా అంటే చదువు. మరాఠీలో శిక్షా అంటే తెలుగులో లాగే దండన, చదువుకు శిక్షణ్ అంటారు. తెలుగులో శిక్షణ అంటే తర్ఫీదు. ఒక్క మాట మూడు దారులు పట్టింది. గజపతి జిల్లాలో ఒడియా నుంచి అనువదించేవారు "పిల్లలకు ఉత్తమ శిక్ష ఇస్తాం" అని రాస్తే తెలుగు తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. "మంచి చదువు చెబుతాం" అనండి, చాలు.

మరాఠీలో దండ్ అంటే జరిమానా. తెలుగులో దండం అంటే నమస్కారం, లేదా కర్ర. "ఐదువందల దండం" అనకూడదు, "ఐదువందలు జరిమానా" అనాలి. దండుగ అన్నది కూడా ఇప్పుడు వృథా ఖర్చుకే నిలిచిపోయింది, కాబట్టి నోటీసులో వాడకండి.

"కడక్ నిర్బంధ్" అన్నదాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

కఠిన ఆంక్షలు. మరాఠీ నిర్బంధ్ అంటే ఆంక్ష. తెలుగులో నిర్బంధం అంటే మనిషిని కదలనీయకుండా ఉంచడం (గృహ నిర్బంధం), లేదా తప్పనిసరి చేయడం (నిర్బంధ విద్య). "మార్కెట్‌పై కఠిన నిర్బంధం" అని రాస్తే వర్తకులందరినీ లోపల వేశారేమో అనిపిస్తుంది. ఒడియాలో దీనికి కటకణా అంటారు. అదీ ఆంక్షే. వినడానికి కటకటాలకు దగ్గరగా ఉన్నా జైలు ఊచలతో సంబంధం లేదు.

పీడించే నియమాలను "అత్యాచార నియమాలు" అనవచ్చా?

వద్దు. ఒడియా, మరాఠీల్లో అత్యాచార్ అంటే దౌర్జన్యం, పీడన. నేటి తెలుగులో అత్యాచారం అనగానే స్త్రీపై జరిగిన లైంగిక నేరమే తడుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరులో పాత విస్తృతార్థం మిగిలి ఉంది, అది చట్టం పేరు కాబట్టి మార్చకూడదు. మిగతాచోట్ల దౌర్జన్యం, దాష్టీకం, వేధింపు వాడండి. ఈ ఒక్క పొరపాటు ఒక మనిషి పరువు తీసేయగలదు. అనువాదం పూర్తయ్యాక ఈ మాట ఎక్కడైనా మిగిలిందేమోనని ప్రత్యేకంగా వెతికి మరీ చూడండి.

నిష్ఠుర కూడా ఇలాంటిదే. ఒడియాలో అది క్రూరం. మనకు నిష్ఠూరం అంటే ఎత్తిపొడుపు, మనసు నొచ్చుకోవడం. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు అంటాం కదా. "నిష్ఠుర చట్టం" నిఘంటువుకు సరిపోవచ్చు, వాడుకకు సరిపోదు.

మరాఠీ జాచక్ అటీ అంటే పీడించే షరతులు. జాచక్‌ను యాచకుడితో కలిపేయకండి. "గొంతుమీద కత్తిలాంటి షరతులు" అంటే మూలంలోని నొప్పి తెలుగులోకి వస్తుంది.

నల్లచట్టం, చండశాసనం ఒకటేనా?

దగ్గరివే, ఒకటి కావు. నల్లచట్టం ఉద్యమాల మాట. అందులో గట్టిదనం కన్నా అన్యాయం ముందు వినిపిస్తుంది. 1919 నాటి రౌలట్ చట్టం విచారణ లేకుండానే మనిషిని నిర్బంధించనిచ్చింది. "వకీలు లేడు, దలీలు (వాదన) లేదు, అపీలు లేదు" అని జనం దాన్ని మూడు ముక్కల్లో తేల్చేశారు. ఆ మూడూ లేని చట్టం నల్లచట్టమూ అవుతుంది, చండశాసనమూ అవుతుంది. శిక్షలు పెద్దవి కాకపోయినా ఒక వర్గం హక్కును తీసేసే చట్టాన్ని నల్లచట్టం అనవచ్చు, చండశాసనం అనడం మాత్రం పొసగదు. ఒడియా కళా ఆయిన్, మరాఠీ కాళా కాయదా రెండింటికీ తెలుగు నల్లచట్టమే. వార్త రాసేటప్పుడు "నల్లచట్టమని నిరసనకారులు అంటున్న" అని ఎవరి మాటో చెప్పండి. నినాదంలో ఆ జాగ్రత్త అక్కర్లేదు.

"డ్రాకోనియన్" అని టీవీల్లో వింటున్నాం. తెలుగులో అలాగే ఉంచాలా?

అవసరం లేదు. అది గ్రీసు దేశపు పేరు నుంచి పుట్టిన ఇంగ్లీషు మాట. క్రీ.పూ. 621 ప్రాంతంలో ఏథెన్స్‌కు డ్రాకో అనే ఆయన రాతపూర్వకమైన చట్టాలు ఇచ్చాడు. చిన్న దొంగతనాలకు కూడా మరణశిక్షేనని వాటికి పేరు. క్రీ.పూ. 594లో సొలోన్ వచ్చి హత్యకు సంబంధించినవి తప్ప మిగిలినవి కొట్టేశాడు. ఆ పేరు మీద పుట్టిన విశేషణానికి తెలుగులో చండశాసనం కన్నా దగ్గరి మాట లేదు. "డ్రాగన్ చట్టం" అని రాయడం తప్పు. అది మనిషి పేరు.

కడా, కడక్ అని తెలుగులో రాయవచ్చా?

మాటల్లో ఆనందంగా అనండి. బరంపురం బజారులో "రూల్ కడా" అన్నా, ధర్మాబాద్‌లో "సారు కడక్" అన్నా అది ఆ ఊరి తెలుగే. కథలో పాత్ర నోట పెట్టినా అందమే. నోటీసు, అర్జీ, వార్త మాత్రం శ్రీకాకుళంవారూ నిజామాబాద్‌వారూ చదువుతారు, అక్కడ కఠినం అనండి.

స్పెల్లింగ్‌లో ఏ తప్పులు వస్తున్నాయి?

ఛండశాసనం అని ఒత్తు పెడుతున్నారు, చ చాలు. షాసనం, సాసనం తప్పు, శ రాయాలి. సమాసం కాబట్టి మధ్యలో ఖాళీ వదలకండి. ఖచ్చితం కాదు, కచ్చితం.

నోటీసులో, అర్జీలో ఈ మాటలు ఎలా వాడాలి?

ఇదిగో సరిహద్దు ఊళ్ళలోని వసతిగృహాల గోడల మీద కనిపించే తరహా నోటీసు:

"రాత్రి 8 తర్వాత గేటు తీయబడదు. శాసనం ప్రకారం కఠోర శిక్ష ఉండును. 200 రూపాయల దండం కట్టవలెను. ఇది చండశాసనము."

వసతిగృహానికి శాసనాలు ఉండవు, నిబంధనలు ఉంటాయి. రెండువందల జరిమానా కఠోర శిక్ష కాదు. దండం మరాఠీ నుంచి వచ్చింది. అన్నిటికన్నా పెద్ద తప్పు చివరి వాక్యంలో ఉంది. చండశాసనం నియమం పడినవారు అనే మాట, పెట్టినవారు తమ నియమానికి తామే పెట్టుకునే పేరు కాదు. గేటు తీయరో, తీసి జరిమానా వేస్తారో కూడా తేల్చలేదు. ఇలా మార్చండి:

"రాత్రి 8 గంటలకు గేటు మూస్తాం. ఆలస్యమయ్యేవారు 8 లోపు వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకుండా ఆలస్యంగా వస్తే గేటు తీస్తాం గాని 200 రూపాయలు జరిమానా ఉంటుంది. ఈ నిబంధన అందరికీ వర్తిస్తుంది."

ఇప్పుడు పిల్లల వైపు నుంచి చూడండి. జరిమానా మీద మొర పెట్టుకోవాలి. "ఈ చండశాసనాన్ని వెంటనే రద్దు చేయాలి" అని మొదలుపెడితే చదివే అధికారి మొదటి వాక్యం దగ్గరే ముఖం ముడుచుకుంటాడు. అర్జీలో విశేషణం తీసేసి ఆ చోట వివరం పెట్టండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎందుకు ఆలస్యమైంది, ఏం కోరుతున్నారు అన్నవి రాయండి. అడగాల్సిన క్రియ సడలించు:

"అయ్యా, మేము చదువు అయ్యాక సాయంత్రం బస్సులో వస్తాం. బస్సు ఆలస్యమైన రోజుల్లో దారిలో సిగ్నల్ లేక ఫోన్ చేయలేకపోతున్నాం. ఈ నెలలో మా గదిలోని ముగ్గురమూ కలిపి నాలుగుసార్లు, 800 రూపాయలు జరిమానా కట్టాం. బస్సు టికెట్ చూపించినవారికి ఈ నిబంధనను సడలించగలరని మనవి."